ఇంటర్వ్యూకు పోవు యువజనులు - పంచాయతీల బాధ్యత
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



ప్రభుత్వోద్యోగముల ఇంటర్వ్యూను గురించి చెప్పదలచినచో అభ్యర్థులను పిలిచి చెప్పవలెను గాని, పంచాయతీ సభ్యులతో పని యేమి అని మీలో కొందరికి తోచవచ్చును. కాని పల్లెలో జరుగునది మన మందరము ఎరిగినదే. ఒక ఇంటి కుమారుడో, కుమార్తెయో వ్రాతపరీక్షలో నెగ్గి ఇంటర్వ్యూకు పిలుపు అందుకొన్నారనుకొనుడు. సంతోషము తీరకముందే ఆ తలిదండ్రులు ఒక ప్రశ్నతో ఇల్లు కదలుదురు: "అక్కడ మనకు తెలిసినవారెవరైనా ఉన్నారా?" ఈ ప్రశ్న మొట్టమొదట వచ్చి చేరునది సర్పంచి గుమ్మమునకు, లేదా వార్డు సభ్యుని అరుగు మీదికి. ఆ సమయమున మీరు చెప్పు సమాధానమును బట్టి ఆ కుటుంబమునకున్న ఎకరమో, రెండెకరములో నిలుచుటయో, అమ్ముడుపోవుటయో జరుగును. ఆ బిడ్డ తన చదువును నమ్ముకొనుటయో, పరుల సిఫారసును నమ్ముకొనుటయో కూడ అప్పుడే తేలును. అందుచేతనే మేము ఈనాడు అభ్యర్థులతో గాక మీతో మాట్లాడుచున్నాము.

మేము చెప్పదలచిన మాట ఒక్కటే. ఇంటర్వ్యూలో అక్కరకు వచ్చునది సిఫారసు కాదు, తన ఊరిని, తాను కోరిన పనిని ఎరిగి యుండుట. ఎరిగినదానిని తడబాటు లేక చెప్పగలుగుట. ఈ రెండును నేర్పుటకు పంచాయతీ కార్యాలయమును మించిన తావు లేదు.

ఏ ఉద్యోగమునకు ఇంటర్వ్యూ కలదు?

మొదట తెలిసికొనవలసినది ఇదియే. చిన్న ఉద్యోగములకు ఇంటర్వ్యూలు అవసరమా అను ప్రశ్నను ప్రధానమంత్రి 2015 ఆగస్టు 15వ తేదీన ఎఱ్ఱకోట నుండి చేసిన ప్రసంగములో లేవనెత్తిరి. ఆ పిమ్మట 2016 జనవరి 1వ తేదీ నుండి కేంద్ర ప్రభుత్వములో గెజిటెడ్ కాని గ్రూప్ 'బి' పోస్టులకును, గ్రూప్ 'సి' పోస్టులకును ఇంటర్వ్యూ తీసివేయబడినది. టైపు పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష వంటివి ఉండవచ్చును. అవి ఇంటర్వ్యూలు కావు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సెప్టెంబరులో గ్రామ, వార్డు సచివాలయముల కొరకు లక్షకు పైబడిన పోస్టులకు పరీక్ష జరిగినప్పుడు నియామకము వ్రాతపరీక్ష ఆధారముగనే జరిగినది. తెలంగాణ ప్రభుత్వము 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగములకు సైతము ఇంటర్వ్యూను తొలగించినది.

మరి ఇంటర్వ్యూ ఎక్కడ మిగిలినది? యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించు సివిల్ సర్వీసు పరీక్షలో కలదు. ప్రభుత్వ రంగ బ్యాంకులలోను, గ్రామీణ బ్యాంకులలోను ఆఫీసరు పోస్టులకు కలదు. గుమాస్తా తరగతి పోస్టులకు లేదు. సైన్యములో ఆఫీసరు పదవులకు సర్వీసెస్ సెలక్షన్ బోర్డు వారు సుమారు ఐదు దినములు అభ్యర్థిని పరీక్షింతురు. ఇవిగాక కొన్ని ప్రత్యేక నిపుణుల పోస్టులకును, కాంట్రాక్టు పోస్టులకును ఉండవచ్చును. ఉన్నదీ లేనిదీ తెలుపునది నోటిఫికేషను. దానిని మొదటి పుట నుండి చివరి పుట వరకు చదివించుట మీరు చేయగల మొదటి సహాయము.

దళారి ఉపాయము

పైన చెప్పినది తెలిసినచో ఒక గొప్ప మోసమునుండి ఊరిని కాపాడవచ్చును. ఇంటర్వ్యూయే లేని ఉద్యోగమునకు "ఇంటర్వ్యూలో నేను గట్టెక్కించెదను" అని పైకమడుగువాడు మోసగాడనుటకు వేరే సాక్ష్యము అక్కరలేదు. ఇంటర్వ్యూ ఉన్న ఉద్యోగములలో వాని ఉపాయము మరింత సూక్ష్మమైనది. వాడు పదిమంది వద్ద పైకము తీసికొనును. ఎవరికొరకును ఏ పనియు చేయడు. పదిమందిలో ఒకరో ఇద్దరో తమ శక్తిచేతనే నెగ్గుదురు. వారి పైకము వాడు ఉంచుకొనును. తక్కినవారికి కొంత కొంతగా తిరిగి ఇచ్చుచు, "ఈసారి పైవారు ఒప్పుకొనలేదు" అనును. నెగ్గినవారు వాని వలననే నెగ్గితిమని నమ్ముదురు. ఓడినవారు పైకము తిరిగి వచ్చినదే చాలుననుకొందురు. ఈ విధముగా కదలక మెదలక కూర్చుండి వాడు ధనమును, పేరును కూడ సంపాదించును.

లంచమిచ్చుట కూడ నేరమని ప్రజలకు తెలియచెప్పవలెను. 1988 నాటి అవినీతి నిరోధక చట్టమును 2018లో సవరించినప్పుడు లంచమిచ్చువానిని కూడ శిక్షకు పాత్రుని చేసిరి. బలవంతము చేత ఇచ్చినవాడు ఏడు దినములలోగా అధికారులకు తెలియజేసినచో ఆ శిక్ష వానికి వర్తింపదు. ఉద్యోగమిప్పింతునని వంచించిన ప్రైవేటు వ్యక్తి మీద 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారము మోసము క్రింద కేసు పెట్టవచ్చును. ఇట్టివాడు ఊరిలో తిరుగుచున్నాడని తెలిసినప్పుడు "మనకెందుకు" అని ఊరకుండుట పంచాయతీకి తగదు. గ్రామసభలో పేరు పేరున హెచ్చరింపవలెను.

ఇంటర్వ్యూకు ఎన్ని మార్కులు?

ఇంటర్వ్యూ యావత్తు అదృష్టమును నిర్ణయించునను భయము పల్లెలలో కలదు. అది సరికాదు. శ్రీనగరములోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ప్రవేశముల తగవులో సుప్రీంకోర్టు 1980లో తీర్పు చెప్పుచు, మూడింట ఒకవంతు మార్కులు ఇంటర్వ్యూకు కేటాయించుట అన్యాయమనియు, సామాన్యముగా నూటికి 15 వంతులు మించరాదనియు స్పష్టపరచినది. అచ్చట ఒక్కొక్క విద్యార్థిని రెండు మూడు నిమిషములు మాత్రము నిలిపి, తండ్రి ఎవరు, నివాసమెక్కడ అను ప్రశ్నలతో ముగించిరని అభ్యర్థులు మొరపెట్టుకొనియుండిరి.

సివిల్ సర్వీసు పరీక్షలో మొత్తము 2025 మార్కులు. అందులో వ్రాతపరీక్షకు 1750, ఇంటర్వ్యూకు 275. అనగా నూటికి పదమూడున్నర వంతులు మాత్రమే. ఇంటర్వ్యూలో ఇన్ని మార్కులు వచ్చి తీరవలెనను కనీస నియమము కూడ లేదు. కనుక చదువును విడిచి ఇంటర్వ్యూ చిట్కాల వెంట పరుగిడరాదు. అట్లని దానిని తేలికగా చూడనురాదు. కడపటి జాబితాలో ఒక్కొక్క మార్కు తేడాతో పలువురి స్థానములు తారుమారగును. అక్కడ ఇరువది మార్కులు ఒక జీవితమును మార్చవచ్చును.

బోర్డు వారు చూచునది యేమి?

వ్రాతపరీక్షలో ఒకసారి కొలిచిన పాండిత్యమును మరల కొలుచుటకు ఇంటర్వ్యూ లేదు. యూనియన్ కమిషన్ దీనిని వ్యక్తిత్వ పరీక్ష అనుచున్నది. అభ్యర్థి చురుకుదనము, విషయమును గ్రహించి విడమరచి చెప్పు నేర్పు, తొందరపడక తూచి చూచు గుణము, నలుగురిని కలుపుకొనిపోవు శక్తి, నిజాయితీ - ఇవి వారు చూచునవి. అభ్యర్థి తన దరఖాస్తులో వ్రాసికొనిన వివరములనుండియే తరచుగా ప్రశ్నలు పుట్టును. ఊరు, జిల్లా, చదువు, అభిరుచులు, చేసిన పనులు - ఇవి వ్రాసినది తానే గనుక, వానిని గురించి తెలియదనుటకు వీలులేదు. సేద్యము అభిరుచి అని వ్రాసినవాడు తన పొలము మట్టి ఎట్టిదో చెప్పలేకపోయినచో ఆ దరఖాస్తు మీది నమ్మకమే సడలును.

ఇంగ్లీషు రాదను దిగులు మన పిల్లలను వేధించుచున్నది. ఈ విషయము మీరు స్పష్టముగా చెప్పవలెను. డాక్టర్ డి. ఎస్. కొఠారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1976లో ఇచ్చిన నివేదిక ఫలితముగా 1979 నుండి సివిల్ సర్వీసు పరీక్షను భారతీయ భాషలలో వ్రాయు వీలు కలిగినది. తెలుగులో వ్రాసినవారు ఇంటర్వ్యూకు కూడ తెలుగును ఎంచుకొనవచ్చును. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి కుటుంబమున పుట్టి, ఉపాధ్యాయ వృత్తిలో ఉండి, తెలుగు మాధ్యమమున ఈ పరీక్ష వ్రాసిన శ్రీ రోణంకి గోపాలకృష్ణ 2017లో వెలువడిన ఫలితములలో దేశమునకెల్ల మూడవ స్థానము పొందిరి. భాష అడ్డుగోడ కాదనుటకు ఇంతకు మించిన నిదర్శనము వలదు. అయితే ప్రతి ఉద్యోగమునకు ఈ వెసులుబాటు ఒకే తీరుగా ఉండదు. ఏ భాషలో మాట్లాడవచ్చునో నోటిఫికేషనులో చూచికొని, దాని ప్రకారము సాధన చేయవలెను.

ఊరే పాఠ్యపుస్తకము

ఇక ముఖ్యమైన విషయమునకు వచ్చెదము. పల్లెటూరి అభ్యర్థి పట్టణపు అభ్యర్థికన్న వెనుకబడియున్నాడని అందరు తలచుచుందురు. ఒక విషయమున అతడు ముందున్నాడు. ప్రభుత్వము చేయు పని నేల మీద ఎట్లు నడుచునో అతడు కన్నులార చూచుచున్నాడు. కాని చూచుట వేరు, ఎరుగుట వేరు. చెరువు ప్రతిదినము చూచెడివాడే దాని ఆయకట్టు ఎంత అని అడిగినచో నోరు మెదపడు.

ఒక ఉదాహరణము చూడుడు. "మీ ఊరికి త్రాగునీరు ఎట్లు వచ్చుచున్నది?" అని బోర్డు వారు అడిగిరనుకొనుడు. ఒకడు, "త్రాగునీటి సమస్య దేశమంతట కలదు, ప్రభుత్వము అనేక చర్యలు గైకొనుచున్నది" అనును. ఆ మాట ఏ ఊరికైనను సరిపోవును గనుక ఏ ఊరిని గురించియు చెప్పినట్లు కాదు. రెండవవాడు, "మాకు రెండు బోర్లు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు కలవు. వేసవిలో ఒక బోరు ఎండిపోవును. అప్పుడు ఎగువ వీధికి నీరు ఎక్కదు. అందుచేత వీధులవారీగా వంతులు పెట్టినారు" అనును. ఈ రెండవవానికి పెద్ద మాటలు రావు. కాని పని చేయగలవాడని వినువారికి వెంటనే తెలియును.

ఈ సమాచారమంతయు ఎక్కడ ఉన్నది? మీ కార్యాలయపు బీరువాలో ఉన్నది. ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, గ్రామసభ తీర్మానముల పుస్తకము, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, జమాఖర్చుల లెక్కలు - వీనిని కార్యదర్శి సమక్షమున మన యువజనులచే చదివింపుడు. పన్ను ఎంత రావలెను, ఎంత వచ్చినది, తక్కినది ఎందుకు రాలేదు అని వారినే అడుగుడు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. అందులో మన ఊరిలో నిజముగా పంచాయతీ చేతిలో ఉన్నవెన్ని? 2021-26 సంవత్సరములకు పదునైదవ ఆర్థిక సంఘము ఇచ్చిన గ్రాంటులో నూటికి 60 వంతులు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు ముడిపెట్టబడినవి గదా. మన పంచాయతీకి అందినది దేనికి ఖర్చయినది? ఇట్టి ప్రశ్నలకు జవాబు వెదకిన పిల్లవానికి పరిపాలన అననేమో మరియొకరు నేర్పనక్కరలేదు. కుఱ్ఱవాండ్రు లెక్కలు చూచినచో తప్పులు పట్టుదురేమో అని కొందరికి జంకు కలుగవచ్చును. లెక్క సరిగా ఉన్న పంచాయతీకి జంకు ఏల? లేనిచోట పట్టుటయే మేలు.

జిల్లా చరిత్ర కూడ తెలిసియుండవలెను. అనంతపురం జిల్లా అభ్యర్థి, గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన తన జిల్లాలోని బండ్లపల్లిలో ప్రారంభమైనదని ఎరుగకున్నచో చిన్నతనము. 1951 ఏప్రిల్‌లో ఆచార్య వినోబా భావేకు నూరెకరముల భూదానము లభించి ఉద్యమము మొలకెత్తినది పోచంపల్లిలో. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను నెహ్రూ ప్రారంభించినది షాద్‌నగరులో. ప్రతి ఊరికి ఇట్టి ఖ్యాతి ఉండకపోవచ్చును. కాని ప్రతి ఊరికి ఒక చెరువో, కాలువయో, పంటయో, వలసయో కలదు. దానికి కారణము కూడ కలదు.

నిజము చెప్పు ధైర్యము

బోర్డు వారు చిక్కు ప్రశ్నలు వేయుదురు. "నీవు అధికారివై మీ మండలమునకే వచ్చితివి. నీ మేనమామ చెరువు శిఖము ఆక్రమించి దున్నుచున్నాడు. ఏమి చేయుదువు?" అని అడుగవచ్చును. వెంటనే ఖాళీ చేయింతునని వీరాలాపము పలికినంత మాత్రమున మెప్పు లభింపదు. మొదట రికార్డు చూచి, సర్వే జరిపించి, చట్ట ప్రకారము నోటీసు ఇచ్చి, తనకు బంధుత్వము కలదని పై అధికారికి ముందుగనే తెలిపి, ఇతరులకు చేసినట్లే అతనికిని చేయుదునని చెప్పుట సరియైన మార్గము. తెలియని విషయమడిగినప్పుడు "నాకు తెలియదండీ" అని మర్యాదగా చెప్పుట లోపము కాదు. తెలియనిదానిని తెలిసినట్లు నటించుటయే లోపము.

అభ్యాస ఇంటర్వ్యూ

ఈ ధైర్యము ఇంటిలో అద్దము ముందు నిలిచినంతనే రాదు. అందుకు పంచాయతీ కార్యాలయములో అభ్యాస ఇంటర్వ్యూ ఏర్పాటు చేయవలెను. ఖర్చు లేదు. ఒక బల్ల, ఆరు కుర్చీలు చాలును. పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, ఏఎన్ఎమ్, గ్రామీణ బ్యాంకు ఉద్యోగి, పింఛను పుచ్చుకొనుచున్న ఒక పెద్ద, స్వయంసహాయక సంఘమునకు అధ్యక్షురాలైన ఒక సోదరి - ఈ ఐదుగురు చాలును. అభ్యర్థి దరఖాస్తు నకలు వారి చేతికిచ్చి అరగంట ప్రశ్నింపుడు. మధ్యలో నవ్వరాదు, ఎగతాళి చేయరాదు. ముగిసిన పిదప ఏది బాగున్నది, ఏది దిద్దుకొనవలెను అని విడిగా చెప్పవలెను. ఇదే వారమునకొకసారి చొప్పున నాలుగైదు మారులు జరిగినచో తడబాటు చాలవరకు పోవును.

ఆడపిల్లల విషయమున ప్రత్యేక శ్రద్ధ వహింపుడు. చదువులో వారు ఎవరికిని తీసిపోరు. కాని పదిమందిలో పెదవి విప్పకుండుటయే మర్యాదయని మనమే వారికి చిన్ననాటినుండి నేర్పితిమి. తీరా ఇంటర్వ్యూనాడు గొంతెత్తి మాట్లాడుమందుము. ఇది న్యాయమా? గ్రామసభలో వారిచే తీర్మానములు చదివింపుడు, ప్రశ్నలడుగనిండు. అభ్యాస ఇంటర్వ్యూను పగటిపూట, తల్లులకు కూడ రావీలైన వేళలో జరుపుడు.

కాగితములు, ప్రయాణము

ఇంటర్వ్యూ బాగుగా చేసియు కాగితములలో చిక్కుకొనువారు కలరు. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక తీరున, ఆధార్ కార్డులో మరియొక తీరున ఉండుట సర్వసాధారణము. దీనిని పిలుపు వచ్చిన తరువాత గాక దరఖాస్తు చేయకముందే సరిదిద్దించుకొనవలెను. వెనుకబడిన తరగతులవారు కేంద్ర ప్రభుత్వోద్యోగములకు కేంద్రము నిర్ణయించిన నమూనాలోనే కుల ధ్రువపత్రము తీసికొనవలెను. రాష్ట్ర నమూనా దానికి చెల్లదు. ధ్రువపత్రము ఏ తేదీలోపల పొందియుండవలెనో నోటిఫికేషనులో ఉండును. రాష్ట్రోద్యోగములలో స్థానిక అభ్యర్థిత్వము కొరకు చదివిన పాఠశాలలనుండి స్టడీ సర్టిఫికెట్లు తేవలెను. అసలు పత్రములు, రెండు జతల నకళ్లు, ఫొటోలు ఒకే సంచిలో ఉంచుకొనవలెను.

సివిల్ సర్వీసు ఇంటర్వ్యూ న్యూఢిల్లీలో షాజహాన్ రోడ్డునందున్న ధోల్పూర్ హౌసులో జరుగును. ఇట్టి దూరప్రయాణమునకు ఒకనాడు ముందుగనే చేరి విశ్రమించుట మేలు. రైలు చార్జీ నియమముల ప్రకారము తిరిగి ఇత్తురు గనుక టిక్కెట్లు దాచుకొనవలెను. దుస్తులు ఖరీదైనవి కానక్కరలేదు. ఉతికి ఇస్త్రీ చేసినవైన చాలును. దానికై అప్పు చేయు తలిదండ్రులను మీరు వారింపుడు.

నెగ్గకపోయినచో

పిలుపు అందుకొన్నవారందరికి ఉద్యోగము రాదు. పోస్టులకన్న ఎక్కువమందిని పిలుచుట పద్ధతి. నెగ్గనివానిని ఊరు చూచు చూపు చాల క్రూరమైనది. "ఏమాయెను? రాలేదా?" అని పదిమంది పది తావుల అడుగుటచే వాడు ఇల్లు వెడలుటయే మానుకొనును. ఇంటర్వ్యూ వరకు పోయినవాడు ఊరిలో అందరికన్న అనుభవము గలవాడు. తరువాతి ఏడు పోవువారికి అతనినే గురువుగా కూర్చుండబెట్టుడు. యూనియన్ కమిషన్ తుది ఫలితముల పిదప అభ్యర్థుల మార్కులను తన వెబ్‌సైటులో ఉంచుచున్నది. ఆ మార్కులు ముందు పెట్టుకొని, లోటు వ్రాతపరీక్షలో జరిగినదా, ఇంటర్వ్యూలోనా అని అతనితో కూర్చుండి విచారింపుడు. అట్లు చేసినచో "డబ్బు ఇయ్యనందుననే రాలేదు" అను పుకారు కూడ అణగిపోవును.

సోదర సోదరీమణులారా! మిమ్ము మేము కోరునవి మూడు పనులు. రాబోవు గ్రామసభలో ఏ ఉద్యోగమునకు ఇంటర్వ్యూ కలదో, దేనికి లేదో చదివి వినిపింపుడు. పంచాయతీ రికార్డులను యువజనులు చదువుకొనుటకు వారమునకొక పూట కేటాయింపుడు. ఇంటర్వ్యూకు పోవువారు ఒక్కరున్నను, ఆ ఒక్కరికొరకు అభ్యాస ఇంటర్వ్యూ జరుపుడు.

ఇకమీదట ఒక తల్లి మీ గుమ్మము త్రొక్కి, "అక్కడ మనకు తెలిసినవారెవరైనా ఉన్నారా బాబూ?" అని అడిగినప్పుడు, "అక్కడ ఎవరును లేరమ్మా. ఇక్కడ మేమున్నాము. రేపు సాయంకాలము అమ్మాయిని పంచాయతీ ఆఫీసుకు పంపుము" అని చెప్పగల పంచాయతీలు ఊరూర వెలయవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.